దూరమనెడి గుణము

సంధ్యాదీపము వెలిగించి, తులసికోట చుట్టును మూడు మారులు తిరిగి, పిదప మా అక్క పడమటి వంకకు మొగము త్రిప్పి, కన్నులు మూసికొని, రెండు చేతులును జోడించి ఒక్క నిమిషము నిలుచుండుటను నేను చాలదినములు చూచితిని గాని, అది అస్తమించు సూర్యునికి చేయు నమస్కారమని తలచి ఊరకుంటిని. విశాఖపట్టణమున మహారాణిపేటలోని ఆ యింటికి పడమట మూడంతస్తుల మేడ యొకటి లేచిన తరువాత సూర్యాస్తమయము కనబడుటయే లేదను సంగతి నాకు ఆలస్యముగా స్ఫురించినది. అడిగితిని. "సూర్యుడికి కాదురా తమ్ముడూ. మావాడు అటే కదా ఉన్నాడు, వాడి వైపు తిరిగి నాలుగు మంచి మాటలు అనుకుంటాను" అని చెప్పి, ప్రమిదలో వత్తిని సవరించుచు, మరల తానే సందేహపడి, "అటే కదా? నువ్వు భూగోళం పాఠాలు చెప్పినవాడివి, సరిగ్గా చూసి చెప్పు, మావాడు ఏ దిక్కున ఉన్నట్టు?" అని యడిగెను.

ముప్పదిమూడేండ్లు పాఠశాలలో భూగోళము బోధించిన నాకు ఆ ప్రశ్నకు సమాధానము చేతిలో ఉన్నట్లే తోచినది. ఆమె కుమారుడు, అనగా నా మేనల్లుడు, అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరప్రాంతమునందు పదునొకండు సంవత్సరములుగా కాపురమున్నాడు. గోడకు వ్రేలాడు పటములో అమెరికా ఎడమచేతి కొసను ఉండును. ఎడమ యనగా పడమర. అయినను పెద్దామె మనసుపెట్టి అడిగిన మాటకు గోడ చూపి తప్పించుకొనుట న్యాయము కాదని, బీరువామీది గోళమును దించి, దుమ్ము తుడిచి, ఆమె యెదుట పీటమీద పెట్టితిని. దారము కావలసివచ్చెను. కనకాంబరములు కట్టుచున్న దారపుండనుండి ఆమె మూరెడు త్రెంచి యిచ్చెను.

ఒక కొసను విశాఖపట్టణము మీద నేను బొటనవ్రేలితో నొక్కిపట్టితిని. రెండవ కొసను డాలసు మీద ఆమె నొక్కిపట్టెను. అరేబియా సముద్రము, ఆఫ్రికా ఖండము, అట్లాంటికు సముద్రము, ఈ వరుసను దారము పరచి బిగువుగా లాగగా, అది గోళముమీద నిలువక జారి, తనంత తాను ఉత్తరమునకు పోయెను. మరల పరచితిమి, మరల జారెను. మూడవమారు దానిని దాని యిష్టమునకు విడిచితిమి. అప్పుడది విశాఖనుండి నిట్టనిలువుగా పైకి లేచి, కాశికి తూర్పున ఇరువది కిలోమీటర్ల యెడమున గంగను దాటి, బుద్ధుడు పుట్టిన లుంబినీవనము మీదుగా పోయి, ధవళగిరి పొరుగున హిమాలయమునెక్కి, టిబెట్టు పీఠభూమియు, సైబీరియా అడవులును, గడ్డకట్టిన ఉత్తరసముద్రమును గడచి, గోళమును పట్టి నిలిపిన యిత్తడి శీలను, అనగా ఉత్తరధ్రువమును, ఒరసికొని, అవతలి వైపున కెనడా మంచుదీవులమీదుగా, విన్నిపెగు నగరము ప్రక్కగా దక్షిణమునకు దిగి, ఆమె వ్రేలి క్రిందికి చేరుకొన్నది.

"కాశీ మీదుగానా!" అన్నది అక్క. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మా నాయనమ్మ సామెత చెప్పుచుండెడిది. ఆ కాశి ఈ దారిలో ప్రారంభపు మజిలీలలో ఒకటి మాత్రమే యయ్యెను. అక్క చాలసేపు ఆ యిత్తడి శీలను వ్రేలితో తడవి చూచెను. మరునాటి సాయంకాలమునుండి ఆమె పడమటికి తిరుగుట మానివేసినది.

లెక్క చెప్పవలెనన్న, విశాఖపట్టణపు విమానాశ్రయము గ్రీనిచ్చి రేఖకు తూర్పున 83 అంశలకు కొంచె మెక్కువగా ఉన్నది. డాలసు విమానాశ్రయము పడమట 97 అంశలమీద ఉన్నది. రెంటిని కూడిన 180. ఒక యూరి మధ్యాహ్నరేఖయే ధ్రువమును దాటి అవతల రెండవ యూరి మధ్యాహ్నరేఖ యగుచున్నది గనుక, ఇచ్చట సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు అచ్చట నిండు అర్ధరాత్రము. ధ్రువమునకు ఇచ్చటినుండి 72.3 అంశలు, అచ్చటినుండి 57.1 అంశలు, అంశకు 111 కిలోమీటర్ల చొప్పున మొత్తము ఇంచుమించు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానమునకు పదునారు గంటల దారి. మన పాత కొలతలో నలువది ఘడియలు.

కాని ఆ దారిని ఏ ప్రయాణికుల విమానమును పోవుట లేదు. టిబెట్టు ఎత్తులమీద ఆపద వచ్చినయెడల ఊపిరి యాడు మట్టమునకు దిగుటకు చోటు చాలదు గనుక విమానములు సాధారణముగా ఆ పీఠభూమిని తప్పించుకొని పోవును. నావికాదళపు డేగ స్థావరమునందే యున్న మన విమానాశ్రయమునుండి బయలుదేరిన మనిషి మొదట 510 కిలోమీటర్లు హైదరాబాదుకు, అచ్చటినుండి 2,550 కిలోమీటర్లు దుబాయికి, అచ్చటినుండి 12,900 కిలోమీటర్లు డాలసునకు, మొత్తము సుమారు 16,000 కిలోమీటర్లు పోవును. గగనమున గడచునది ఇరువదియొక్క గంట. నడుమ కుర్చీలలో కూర్చుండి గడపునది అదృష్టమును బట్టి ఆరు గంటలో, పది గంటలో.

రెండేండ్ల క్రిందట మార్గశిరమాసములో మా బావగారు కాలము చేసినప్పుడు ఈ అంకెల బరువెంతయో మా యింటికి తెలిసివచ్చెను. ఆయన ముప్పదియేండ్లు ఓడరేవులో పనిచేసినవారు. వచ్చెడి ఓడ యే గంటకు వచ్చునో, పోవునది యే పోటుకు కదలునో వేళ్లమీద చెప్పెడివారు. వార్త అందిన క్షణమునుండి కుమారుడు గుమ్మములో అడుగిడువరకు 34 గంటలు పట్టినది. అంతసేపును ఆయనను ముందుగదిలో అద్దాల ఐసుపెట్టెలో ఉంచితిమి. విశాఖ గాలిలోని చెమ్మకు ఆ అద్దము మాటిమాటికి మంచు పట్టి, లోపలి మొగము మసకబారుచుండెను. అక్క ఆ పెట్టె తలవైపున చాపమీద కూర్చుండి, అద్దము మసకబారినప్పుడెల్ల కొంగుతో తుడుచుచుండెను. వచ్చినవారు, "అబ్బాయి ఎక్కడిదాకా వచ్చాడట?" అని అడుగుదురు, "దుబాయి దాటాడట" అని యెవరో చెప్పుదురు. పొరుగింటి పిల్ల ఫోనులో చిన్న విమానపు బొమ్మ సముద్రముమీద ప్రాకుటను అందరికి చూపుచుండెను. అక్క ఆ బొమ్మవంకకు తల యెత్తలేదు. రాత్రి మూడుగంటల వేళ నేను, "కాసేపు నడుం వాల్చక్కా" అన్నందుకు, "వాడు వచ్చేసరికి మొహం తేటగా కనిపించాలి కదరా" అని మరల అద్దము తుడిచెను.

ఆ 34 గంటలసేపు తండ్రికిని కొడుకునకును నడుమ ఏ వస్తువు ఉండెనో, దానికి పేరేమియో, ఆనాటినుండి నా మనసును విడువని ప్రశ్న. భూమి యుండెను, సముద్రముండెను, గాలి యుండెను. ఇవి యన్నియు నడుమనున్న పదార్థములు గాని దూరము కావు. కొలబద్ద పెట్టిన కిలోమీటర్లు వచ్చును. కిలోమీటరు దూరమును కొలుచునే గాని, దూరమనగా నేమో చెప్పజాలదు.

మన తార్కికులు ఈ ప్రశ్నను తేలికగా విడువలేదు. తెలుగువాడగు అన్నంభట్టు బాలుర సుఖబోధకొరకు కూర్చిన తర్కసంగ్రహములో, తొమ్మిది ద్రవ్యములలో కాలమును దిక్కును చేర్చి, ఇరువదినాలుగు గుణములలో పరత్వము, అపరత్వము అను రెంటిని లెక్కించినాడు. పరత్వమనగా దవ్వుతనము, అపరత్వమనగా దగ్గరితనము. రూపము, రసము, గంధము మొదలగువాని వరుసలో దూరమును ఒక గుణమని నిలిపిన ఈ సాహసము మొదట చదువువానికి వింతగా తోచును. మామిడిపండునందు పసుపుదనమున్నట్లు, డాలసులో కూర్చున్న మనిషియందు దవ్వుతనమను గుణము అంటియుండునా? ఉండునని వారి సిద్ధాంతము. అయితే ఒక నియమము గలదు. పండులోని పసుపుదనమునకు చూచువానితో పనిలేదు. దవ్వుతనమునకు చూచువాడు లేక పుట్టుకయే లేదు. ప్రశస్తపాదుడు మొదలగు వైశేషికాచార్యుల మతమున, వస్తువునకు దిక్కుతో సంయోగము కలిగినంత మాత్రమున దూరము కలుగదు. "దీనికంటె అది దవ్వు" అని రెంటిని ఒక్కచో కూడగట్టి పట్టుకొను బుద్ధి యొకటి ఉండవలెను. పాటలీపుత్రమున నిలిచినవానికి కాశికంటె ప్రయాగ దవ్వు, కురుక్షేత్రముకంటె ప్రయాగ దగ్గర యని వారు చూపెడి దృష్టాంతము. ప్రయాగ కదలలేదు, కదలినది చూచువాని లెక్క. ఆ కూడగట్టెడి బుద్ధికి వారు పెట్టిన పేరు అపేక్షాబుద్ధి. అది నశించిన పరత్వమును నశించును.

ఈ మాట దగ్గర నేను చాలకాలము ఆగిపోతిని. శాస్త్రములో అపేక్ష యనగా ఒకదానినిబట్టి ఒకదానిని చూచుట. మన యిండ్లలో ఆ మాటకు అర్థము వేరు. "ఆ పిల్లంటే వాళ్ల మేనత్తకి ఎంతో అపేక్ష" అని ఆడవారు అనునప్పుడు అపేక్ష యనగా ప్రేమ, మనసు లాగుట, కావలెననుకొనుట. శాస్త్రములో పోలికగా ఉన్న మాట తెలుగిండ్లకు వచ్చి మమకారముగా మారినది. ఈ మార్పు శబ్దశాస్త్రమున యాదృచ్ఛికమే కావచ్చును గాని, నాకు దీనియందొక సత్యము గోచరించుచున్నది: ఎవనికి అపేక్ష కలదో వానికే దూరము కలదు. మేము పరచిన దారము సైబీరియాలో ఎన్నియో పల్లెలమీదుగా పోయినది. ఆ పల్లెలు మా అక్కకు దూరములా? కొలిచిన వేల కిలోమీటర్లు వచ్చును. కాని ఆమె వానిని ఈ యింటితో కూడగట్టి పట్టుకొన్న క్షణము లేదు గనుక ఆమెకవి దూరమును కావు, దగ్గరయు కావు. డాలసుమాత్రము పండ్రెండేండ్ల క్రిందట ఆమెకెట్టిది? పేరైనను తెలియదు. కుమారుడు పెట్టె సర్దుకొన్న దినమున అది దూరమై పుట్టినది. ఆ దూరమును ఆమె పుట్టించినది. ఏనాడును చల్లారనీయక పదునొకండేండ్లు పెంచినది.

బుద్ధినుండి పుట్టినది గనుక దూరము కల్ల యని కొందరు తొందరపడుదురు. వైశేషికులు అట్లనలేదు. రెండు పండ్లయందలి 'రెండు' అను సంఖ్యయు అపేక్షాబుద్ధి వలననే పుట్టునని వారే చెప్పినారు. అయినను పండ్లు రెండనుట అబద్ధము కాదు. చూచువాని వలన పుట్టినది నిజము కాకపోవలెనను నియమము లేదు. ఈ భేదమును గట్టిగా పట్టుకొనవలసిన అవసరము నాకు ఆ ముందుగదిలోనే కలిగినది. పరామర్శకు వచ్చిన పెద్దమనిషి యొకరు, మంచి హృదయముతోనే, దేశకాలములు మాయాకల్పితములమ్మా, ఆత్మకు దూరమేది, దగ్గరేది, అని అక్కకు చెప్పినారు. దేశముచేతగాని, కాలముచేతగాని, వస్తువుచేతగాని పరిచ్ఛేదము లేనిది బ్రహ్మమను వేదాంతవాక్యమునకు నేను తల వంచుదును. కాని ఆ వాక్యమును లోకమునకు స్థాపించిన శంకరులే, సన్న్యాసికి కర్మాధికారము లేదని బంధువులు అడ్డగించినను వినక, తల్లికి ఇచ్చిన మాటకొరకు కాలడికి తిరిగివచ్చి ఆమెకు అంత్యక్రియలు చేసిరని శంకరవిజయ గాథలు చెప్పుచున్నవి. తల్లియు తానును ఒక్కటే యని యెరిగినవాడు, ఆ యెరుకను సాకుగా చేసికొని దారి నడచుట మానలేదు. పరమార్థమున లేని దూరమును వ్యవహారమున కాళ్లతో చెల్లించి తీర్చినాడు. ఐసుపెట్టె యెదుట కూర్చున్న స్త్రీకి దూరము లేదని చెప్పుట వేదాంతమగునేమో గాని, నా మనసునకు అది యొప్పిదముగా తోచదు.

దూరము లేనిచో తెలియరాని సంగతులు కొన్ని ఉన్నవను మాటను మన విశాఖపట్టణమే ఒకప్పుడు నిరూపించినది. గొడే వెంకట జగ్గారావుగారను జమీందారు 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులో తన సొంత వ్యయముతో నక్షత్రశాల నొకదానిని నెలకొల్పిరి. ఆయన యనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటిపోవుటను దూరదర్శినిలో చూచి, లెక్కలు లండనులోని జ్యోతిశ్శాస్త్ర సంఘమునకు పంపిరి. ఆ నల్లని చుక్క గమనమునకై లోకమంతటను పండితులు అంతగా కాచుకొనుటకు కారణము గలదు. భూమిమీద మిక్కిలి యెడముగా నున్న రెండు తావులనుండి చూచిన, శుక్రుడు సూర్యునిమీద గీచుకొనిపోవు గీత రెండు తావులవారికి రవ్వంత వేరుగా కనబడును. ఆ రవ్వంత భేదమునుండి భూమికిని సూర్యునికిని గల దూరము, ఇంచుమించు 15 కోట్ల కిలోమీటర్లు, లెక్కకు వచ్చును. ఒక్కచోట ఎందరు చూచినను, ఎంత గొప్ప దూరదర్శినితో చూచినను, ఈ లెక్క తేలదు. ఇద్దరుండవలెను, వారిద్దరు దూరముగా ఉండవలెను, ఒకరు చూచినది ఒకరికి పంపుకొనవలెను. బంగాళాఖాతపు టొడ్డున ఒకడును, భూమికి ఆవలి మూల మరియొకడును ఒకే గంటలో తలయెత్తి చూచినగాని సూర్యుని యెడ మెంతయో మానవునకు తెలియలేదు. డాబాగార్డెన్సు సందడిలో నడుచునప్పుడెల్ల నాకు ఈ మాట జ్ఞప్తికి వచ్చి, కాసేపు ఎండలో నిలుచుందును.

అయినను వేగమువలన మనకు పోయినదేమో కూడ చెప్పవలెను. మా తాత రంగములో, అనగా రంగూనులో, బియ్యపు మిల్లున పనిచేసినాడు. విశాఖకు రంగము గట్టిగా 1,400 కిలోమీటర్లు లేదు. డాలసు దూరములో పదవ వంతు. అయినను పొగయోడమీద దినములు పట్టెడిది. ఉత్తరము వచ్చుటకు వారములు. 1942లో బాంబులు పడి ఓడలు నిలిచిపోయినప్పుడు ఆయన వేలమంది తెలుగువారితోపాటు కాలినడకను ఆరకాను కొండలెక్కి, చిట్టగాంగునకు దిగి, అచ్చటినుండి ఇల్లు చేరినాడు. ముసలితనమున ఆయనకు కళ్లు పోయినవి గాని, ఆ దారిలో ఏ మలుపున నీళ్లు దొరికినవో, ఏ చెట్టుక్రింద తోడివాడు కన్నుమూసెనో, ఏ పల్లెవారు గంజి పోసిరో వరుసగా చెప్పెడివాడు. ఆయన నడచిన ప్రతి అడుగును ఆయన వద్దనే యుండెను.

దీనికి సరిగా ఎదురుగా పెద్దన మనుచరిత్రములోని ప్రవరుడు నిలుచుచున్నాడు. సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని అరుణాస్పదపురమునుండి క్షణములో హిమవత్పర్వతముమీద వ్రాలినాడు. మంచుకు పసరు కరిగిపోయినది. తిరిగి పోవుటకు దారి తెలియదు. తెలియకపోవుటకు కారణ మొక్కటే: ఆ దారిలో అతడు ఒక్క అడుగైనను వేయలేదు. చదువుకొన్న దినములలో వరూధినీ ప్రసంగమే మాకు కథయంతయు అనిపించెడిది. ఇప్పుడు చదివినపుడు నా గుండెను పట్టునది, ప్రొద్దు వాలుచుండగా ఆ బ్రాహ్మణుని కలత: ఇంట అగ్నులు ఎదురుచూచుచుండును, తల్లిదండ్రులు భోజనమునకు కూర్చుండక వీధివంకకు చూచుచుందురు. యోజనములు అతనిని బాధించలేదు, సాయంసంధ్య బాధించినది. మా మేనల్లుడు ఆనాడు 16,000 కిలోమీటర్లు దాటి వచ్చి, తండ్రి పాదములు పట్టుకొని లేచి, నన్ను మొట్టమొదట అడిగిన మాట, "ఇవాళ ఏ వారం మావయ్యా?" అని. దారి యంతయు కిటికీ తలుపులు మూసిన చీకటిలో గడచిపోయి, రెండు తెల్లవారుటలు ఎచ్చటనో జారిపోయినవి. అతనికి చెప్పుకొనుటకు ఒక చెట్టైనను, ఒక పల్లెయైనను లేదు.

సంవత్సరీకములకు అతడు వచ్చి వెళ్లినాడు. ఈ యేడు ఆబ్దికమునకు రాలేకపోయెను. అచ్చటనే పెట్టుటకు నిశ్చయమైనది. డాలసు ప్రాంతమునందలి ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుని ఆలయమున్నది, తెలుగు పురోహితులకు కొదవలేదు. చిక్కు పంచాంగము దగ్గర వచ్చినది. ఆ తిథి మనకు బుధవారము సాయంకాలము అయిదు గంటలకు వచ్చి, గురువారము సాయంకాలము నాలుగున్నరకు పోవును. శ్రాద్ధమునకు అపరాహ్ణవ్యాప్తి ప్రధానము. పగటిని అయిదు భాగములు చేయగా నాలుగవ భాగము అపరాహ్ణము. కనుక విశాఖలో గురువారము. శీతకాలమున డాలసు గడియారము మన గడియారమునకు పదునొకండున్నర గంటలు వెనుక. అచ్చటికి తిథి బుధవారము తెల్లవారుజామున అయిదున్నరకే వచ్చి, గురువారము అయిదు గంటలకు పోవును. కనుక అచ్చట బుధవారము. ఈ మాట విని అక్క మొగము చిన్నబోయెను. "ఒక్క తండ్రికి రెండు తద్దినాలా? మనకి బుధవారం మధ్యాహ్నం తిథే రాదు కదరా. తిథి కాని వేళ పెడితే ఆయనకి అందుతుందా?" అని రెండు దినములు అన్నము సరిగా తినలేదు.

మా పురోహితులు శాంతముగా చెప్పిన సమాధానము ఒక్క వాక్యము: కర్త యెచ్చట నుండునో అచ్చటి అపరాహ్ణమే అపరాహ్ణము. అంతమాత్రమున అక్కకు సందేహము తీరలేదు. నేను మరల గోళము దింపితిని. చంద్రుడు సూర్యునికంటె పండ్రెండు అంశలు ముందునకు జరిగినపు డెల్ల ఒక తిథి పూర్తియగును. ఆ జరుగుట ఆకాశమున జరుగును గనుక తిథి లోకమునకంతటికి ఒక్క నిమిషముననే వచ్చి ఒక్క నిమిషముననే పోవును. వేరగునది మన పగళ్లు మాత్రమే. దేశాంతరమను మాటను మనము పరదేశమను నర్థమున వాడుచున్నాము గాని, మన జ్యోతిష్కులకు అది లంకనుండి ఉజ్జయిని మీదుగా పోవు రేఖకు ఒక యూరు ఎంత తూర్పో, ఎంత పడమరయో చెప్పి, కాలమును సరిదిద్దు సంస్కారము. ఉజ్జయినికంటె విశాఖకు మధ్యాహ్నము సుమారు అరగంట ముందు. లంకకు సరిగా ఆవలి వైపున సిద్ధపురమను నగరమును కల్పించి, లంకలో ప్రొద్దు పొడుచునప్పుడు అచ్చట ప్రొద్దు క్రుంకునని సూర్యసిద్ధాంతము చెప్పినది. ఆ రెండు తావులవారును తామే పైన ఉన్నట్లును, ఎదుటివారు క్రింద ఉన్నట్లును భావింతురనియు, గోళమునకు నిజముగా పైయు క్రిందును లేవనియు చెప్పినది. ఇదంతయు అక్కకు విప్పిచెప్పి, "వాడు అక్కడ బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కూర్చుంటాడు. అప్పుడు మనకి గురువారం వచ్చేసి ఒంటిగంట అవుతుంది, రాత్రి. తిథి ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది అక్కా" అంటిని. ఆమె వ్రేళ్లమీద లెక్కపెట్టుకొని, "అయితే ఒక్కటే తద్దినం" అన్నది. ఆ రాత్రి కడుపునిండ తిన్నది.

ఇంకొక సందేహము మేనల్లునికే వచ్చెను. సంకల్పములో మనము జంబూద్వీపమున, భరతఖండమున, మేరువునకు దక్షిణ దిగ్భాగమున, శ్రీశైలమునకు ఈశాన్యమున అని మన యునికి చెప్పుకొందుము. అమెరికాలో కొందరు పురోహితులు దానిని క్రౌంచద్వీపమనుచున్నారు; మేరువునకు ఏ దిక్కో మాత్రము తలకొక మాటగా ఉన్నది. "ఒకరు పశ్చిమమంటారు, ఒకరు ఉత్తరమంటారు. ఏం చెప్పమంటావు మావయ్యా?" అని ఫోనులో అడిగినాడు. సిద్ధాంతకారులు మేరువును నిలిపినది భూమి ఉత్తరపు కొసను, ఆరునెలలు పగలు, ఆరునెలలు రాత్రియగు దేవతల చోటున. అచ్చట నిలిచి చూచినవానికి ఏ యూరైనను దక్షిణమే. ఆ మాటయే చెప్పితిని. "అంటే మీరు చెప్పేదే నేనూ చెప్పొచ్చు" అని అతడు కొంతసేపు మాటాడలేదు.

ఆ బుధవారము రాత్రి పండ్రెండు దాటగానే మా వీధిలో మెలకువ వచ్చెను. మార్గశిర గురువారము, బురుజుపేట కనకమహాలక్ష్మికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు పట్టుకొని తలలు తడిగానున్న స్త్రీలు గుంపులుగా పోవుచుండిరి. అక్క స్నానము చేసి మడిచీర కట్టి ముందుగదిలో కూర్చుండెను. ఫోనును దీపపు సెమ్మెకు ఆనించి నిలిపితిమి. ఒంటిగంటకు అవతల పురోహితుని కంఠము, వెనుకనే మేనల్లుని కంఠము వినవచ్చెను; ద్వీపము పేరు వేరు, ఖండము పేరు వేరు, మేరువు మాట వచ్చినప్పుడు దక్షిణ దిగ్భాగమని యిద్దరును పలికిరి. అక్క నావంక చూచెను. ఎండ నిండిన ఆ గదిలో అతడు జందెము అపసవ్యముగా వేసికొని, పితృకార్యమునకు విధించినట్లు దక్షిణాభిముఖుడై కూర్చుండెను.

"దక్షిణానికి తిరిగి కూర్చుంటే వాడి వీపు మనవైపు ఉన్నట్టు కదూ?" అన్నది.

"అవును అక్కా."

"చిన్నప్పుడు తల దువ్వించుకునేటప్పుడు కూడా అలాగే కూర్చునేవాడు."

పిండప్రదానము సమీపించినదని వినబడగానే ఆమె లేచెను. బావగారి పటము దక్షిణపు గోడకు వ్రేలాడుచున్నది. దానిమీది అద్దమును కొంగుతో ఒకమారు తుడిచి, పటముక్రింద నిలుచుండి, ఆయన చూచుచున్న వంకకే, ఉత్తరమునకు, చేతులు జోడించెను.